కోఠీ, నారాయణగూడ చుట్టుపక్కల బయట తినడం: జూనియర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మిర్యాలగూడ. కోఠీలో డిగ్రీ చదువుతూ నారాయణగూడలో ఒక ప్రైవేట్ హాస్టల్‌లో ఉంటున్నాను. కాలేజీ తెరిచిన ప్రతిసారీ కొత్తగా చేరిన చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఎక్కడ తినాలి, ఎంతవుతుంది, ఏది తినకూడదు అని అడుగుతూనే ఉంటారు. విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాస్తున్నాను. ధరలు ఇది రాసే రోజుల్లోవి, సుమారుగా చెప్పినవి. మీరు వెళ్ళేసరికి ఐదో పదో పెరిగి ఉండొచ్చు.

హాస్టల్‌లో మూడు పూటలా పెడతారు కదా, బయట తినాల్సిన పనేముంది?

పెడతారు. కానీ క్లాసు రెండింటికి అయిపోయి, హాస్టల్‌కి చేరేసరికి మూడైతే గిన్నెలు కడిగేసి ఉంటారు. ప్రాక్టికల్స్ ఉన్న రోజు పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ అప్పటికి తయారవదు. ఆదివారం రాత్రి చాలా హాస్టళ్ళలో వంట ఉండదు. కాబట్టి సరదా సంగతి అలా ఉంచినా, వారంలో కొన్ని పూటలు బయట తినక తప్పదు. ఆ పూటల్ని ఖాళీ కడుపుతోనో, చిప్స్ ప్యాకెట్‌తోనో గడిపేయకండి. మా బ్యాచ్‌లో మొదటి ఏడాది నీరసంతో కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళంతా మధ్యాహ్నం భోజనం మానేసినవాళ్ళే. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం అదే.

నెలకు ఎంత పెట్టుకోవాలి?

అందరికీ సరిపడే లెక్క చెప్పలేను. రెండు ఇడ్లీ ప్లేటు బండి మీద ముప్పై, నలభై రూపాయలు. చిన్న మెస్‌లో ప్లేటు భోజనం ఎనభై నుంచి నూట ఇరవై. ఇరానీ చాయ్ ఇరవై చిల్లర. సింగిల్ బిర్యానీ చోటును బట్టి నూట యాభై నుంచి మూడు వందల దాకా. వీటిని పట్టుకుని మీరు వారానికి ఎన్ని పూటలు బయట తింటారో లెక్క వేసుకోండి.

నేను పాటించే పద్ధతి ఒకటే. ఇంటి నుంచి డబ్బు పడగానే భోజనం డబ్బు వేరుగా తీసి పెట్టేస్తాను. బిర్యానీ, ఐస్‌క్రీం డబ్బు మిగిలినదాంట్లోంచి. నెలాఖరున బిర్యానీ డబ్బు అయిపోతే పర్వాలేదు, భోజనం డబ్బు అయిపోకూడదు.

లోపలికి వెళ్ళకముందే హోటల్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే, అసలైన ప్రశ్న కూడా ఇదే. బోర్డు చూసో, ఫోన్లో ఉన్న స్టార్లు చూసో తెలియదు. గిరాకీ చూడండి. గిరాకీ బాగా ఉన్న చోట, గిరాకీ ఉన్న టైంలో తినండి. ఈ పేజీలో నేను చెప్పేదంతా చివరికి ఈ మాట దగ్గరికే వస్తుంది.

ఎందుకంటే వండిన పదార్థానికి పెద్ద శత్రువు అది గిన్నెలో గోరువెచ్చగా గంటలకొద్దీ కూర్చోవడం. జనం తోసుకుంటున్న టిఫిన్ బండి దగ్గర చట్నీ గిన్నె గంటకోసారి ఖాళీ అయి మళ్ళీ నిండుతుంది. ఎవరూ లేని ఏసీ హోటల్లో పొద్దున చేసిన చట్నీ సాయంత్రం దాకా ఉంటుంది. గోడలకు ఎంత మంచి రంగు వేసినా ఆ చట్నీ మారదు. అదే బండి దగ్గరికి పదకొండున్నరకు వెళ్తే మాత్రం అడుగున మిగిలిందే మీకు వస్తుంది. అంటే ఫలానా హోటల్ మంచిది అని ఊరికే అనడం చాలదు, ఫలానా టైంకి మంచిది అనాలి.

గిరాకీ తర్వాత నేను చూసేవి కొన్ని ఉన్నాయి. నూనె మూకుడు నల్లగా, చిక్కగా, నురగ పడుతూ ఉంటే బజ్జీ, పూరీ వద్దు, ఇడ్లీ చాలు. మరిగించిన నూనెనే మళ్ళీ మళ్ళీ వాడితే అందులో పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి దేశమంతా నియమం ఉంది. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు, కళ్ళూ ముక్కూ ఉన్నాయి. ప్లేట్లు ఒకే తొట్టిలో ముంచి తీస్తున్నారా, ధారగా వచ్చే నీళ్ళ కింద కడుగుతున్నారా చూడండి. డబ్బు తీసుకునే చెయ్యీ వడ్డించే చెయ్యీ ఒకటేనా చూడండి. ఫోన్‌పే వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది.

హోటల్ అయితే గోడ మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు కాగితం ఉండాలి. దాని మీద 14 అంకెల నంబరు ఉంటుంది. 2022 జనవరి నుంచి ఆ నంబరును బిల్లు మీద కూడా వేయాలి. నంబరు ఉన్నంత మాత్రాన వంట బాగుంటుందని కాదు, రేపు ఏదైనా జరిగితే ఫిర్యాదు చేయడానికి అది పనికొస్తుంది.

పొద్దున టిఫిన్‌కి బండి మంచిదా, హోటలా?

తొందరగా కాలేజీకి పోవాలంటే బండి. కూర్చుని తినాలంటే హోటల్. రుచి సంగతి అడిగితే దోశ వరకు నేను బండి వైపే ఉంటాను.

మంచి దోశ మాస్టర్ పని చేస్తుంటే కాసేపు నిలబడి చూడండి. పెద్ద ఇనప పెనం మీద నీళ్ళు చిలకరించి, పొట్టి చీపురుతో ఒక్క తుడుపు తుడుస్తాడు. పెనం సెగ సరిపడా దిగిందో లేదో ఆ నీళ్ళ చప్పుడే ఆయనకు చెబుతుంది. ఆరేడు గరిటెల పిండి వరసగా పోసి, మొదటిది తిప్పుతూ ఉండగానే చివరిది ఆరడం మొదలవుతుంది. దాని మీద వెన్న, ఉల్లిపాయ, కారప్పొడి, ఒక్కోచోట ఉప్మా కూడా వేసి గరిటె వెనకతో రాస్తాడు. ఇలా ఉప్మా రాసిన వెన్న దోశ హైదరాబాద్ బండ్ల సొత్తు. నాంపల్లి వైపు రామ్ కీ బండి, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ వైపు గోవింద్ బండి ఈ దోశకే పేరు పడ్డాయి. రామ్ కీ బండి తెల్లవారుజామునే మొదలవుతుంది. పరీక్షల ముందు రాత్రంతా చదివిన అబ్బాయిలు అక్కడికి పోతారు. మా హాస్టల్ గేటు ఆ టైంకి తెరవరు కాబట్టి సెలవులకు మా పెదనాన్న కొడుకు వచ్చినప్పుడు మాత్రమే నేను వెళ్ళగలిగాను.

రోజూ వెన్న దోశ తినకండి. రోజూ తినదగ్గది ఇడ్లీ, పెసరట్టు. పల్లీ చట్నీ పొద్దున ఎనిమిదిన్నరకు ఎంత బాగుంటుందో, ఎండాకాలం పదకొండుకు అంత అనుమానం. పులిసిన వాసన వస్తే ఆ రోజుకు కారప్పొడి, నెయ్యి అడగండి. చాలామంది కాదనరు.

ఐదు రూపాయల భోజనం నిజంగా తినదగ్గదేనా? అక్కడ తింటే ఎవరైనా ఏమైనా అనుకుంటారా?

తినదగ్గదే. నేను తింటాను. హైదరాబాద్‌లో 2014లో జీహెచ్‌ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ కలిసి మొదలుపెట్టిన అన్నపూర్ణ కేంద్రాలివి. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మారి, పొద్దున టిఫిన్ కూడా ఐదు రూపాయలకే పెట్టడం మొదలైంది. మధ్యాహ్నం అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పచ్చడి ఉంటాయి. ఒకేచోట పెద్ద వంటశాలలో వండి వేడి నిలిచే డబ్బాల్లో పంపిస్తారు. వచ్చిన గంట, గంటన్నరలో అయిపోతుంది. పైన చెప్పిన గిరాకీ సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. పన్నెండున్నర దాటాక ఆలస్యం చేయకండి. చాలాచోట్ల నిలబడే తినాలి.

ఎవరేమనుకుంటారన్నది మనసులోంచి తీసేయండి. ఆ వరసలో ఆటో అన్నలు, ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు, సెక్యూరిటీ గార్డులు, మనలాంటి విద్యార్థులు ఉంటారు. నా ముందు నిలబడ్డ పెద్దాయన ఒకసారి తన ప్లేటు నాకిచ్చి, “నీకు క్లాసుకి టైమవుతుంది బిడ్డా” అని మళ్ళీ వెనక నిలబడ్డాడు. అలాంటి చోట సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆంధ్రలో చదివే స్నేహితులకు అన్న క్యాంటీన్లు ఉన్నాయి. 2018లో మొదలై మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. అక్కడ మూడు పూటలా, పూటకు ఐదు రూపాయలే.

మెస్, కర్రీ పాయింట్ — ఏది నయం?

కడుపునిండా అన్నం కావాలంటే మెస్. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు గ్రూప్స్‌కి చదివేవాళ్ళు వేలల్లో ఉంటారు. సిటీ సెంట్రల్ లైబ్రరీ కూడా అక్కడే. వాళ్ళను నమ్ముకుని నడిచే మెస్‌లు కాబట్టి రోజూ వచ్చే మనిషికి కడుపులో మంట పుట్టేలా వండితే మెస్ మూతపడుతుంది. అందుకే ఆ వైపు మెస్‌లలో కారం, నూనె అదుపులో ఉంటాయి. పప్పు, ఒక కూర, వేపుడో రోటి పచ్చడో, సాంబారు, రసం, పెరుగు. నెలకు సరిపడా టోకెన్లు ఒకేసారి కొంటే పూటకు కొంత తగ్గిస్తారు. కొనేముందు రెండు సంగతులు అడగండి: ఊరెళ్ళినప్పుడు వాడని టోకెన్లు వచ్చే నెలకు చెల్లుతాయా? ఆదివారం స్పెషల్‌కి వేరే డబ్బు కట్టాలా? నోటిమాటగా కాకుండా టోకెన్ పుస్తకం మీద రాయించుకోండి.

ప్లేటు మీల్స్ అంటే అన్నం ఒకసారే. ఫుల్ మీల్స్ అంటే అడిగినంత. ఫుల్ మీల్స్ పార్శిల్ కట్టించుకుంటే ఇద్దరు సుఖంగా తినొచ్చు. చాలామంది అమ్మాయిలం అలాగే చేస్తాం.

రూంలో అన్నం వండుకునే వీలున్నవాళ్ళకు కర్రీ పాయింట్ చవక. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య కూరలు దిగుతాయి. అప్పుడే తెచ్చుకోండి, తొమ్మిదింటికి కాదు. మరిగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఒక స్టీలు బాక్సు పట్టుకెళ్ళండి. బాక్సు చూసి మా కర్రీ పాయింట్ అక్క ఒక గరిటె ఎక్కువే వేస్తుంది.

ఇరానీ హోటల్‌కి వెళ్ళడం కొత్త. అక్కడ పద్ధతులేమైనా ఉన్నాయా?

కొన్ని ఉన్నాయి. కూర్చోగానే అడక్కుండానే ఒక ప్లేటులో చిన్న ఉల్లి సమోసాలో బిస్కెట్లో తెచ్చి ముందు పెడతారు. కంగారుపడకండి, అన్నీ మీరు కొన్నట్టు కాదు. తిన్నన్ని లెక్కపెట్టి బిల్లు వేస్తారు, ముట్టుకోనివి వెనక్కి పోతాయి. టేబుల్‌కి అవతల వైపు ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి కూర్చుంటారు. అది అక్కడ మామూలే. ఒక చాయ్ చెప్పి రెండు కప్పుల్లో ఇవ్వమంటే ఇస్తారు.

ఆ చాయ్ మామూలు టీలాగా అన్నీ కలిపి మరిగించింది కాదు. డికాషన్‌ను మూతపెట్టిన పాత్రలో సన్నటి సెగ మీద ఉంచుతారు. పాలు వేరే పాత్రలో చిక్కబడేదాకా కాగుతుంటాయి. కప్పులో డికాషన్ పోసి పైన పాలు పోస్తారు. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అనండి. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఉదయం చాయ్, ఉస్మానియా బిస్కెట్ తింటూ నిలబడితే ఈ ఊరికి చదువుకోవడానికి వచ్చినందుకు నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది. నాంపల్లి సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కెట్లు ఇంటికి తీసుకెళ్ళడానికి మంచివి. మా అమ్మ వాటికోసమే నేను ఎప్పుడొస్తానా అని చూస్తుంది.

అమ్మాయి ఒక్కతే వెళ్ళి తినొచ్చా?

తినొచ్చు, తినాలి కూడా. తోడు దొరకలేదని భోజనం మానేసే అమ్మాయిలు మా హాస్టల్‌లోనే చాలామంది ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న నాకు ముఖ్యం.

మొదట్లో కొన్ని ఏర్పాట్లు చేసుకుంటే భయం పోతుంది. మధ్యాహ్నం పూటతో మొదలుపెట్టండి. కౌంటర్ కనిపించే టేబుల్ తీసుకోండి. ఫ్యామిలీ సెక్షన్ ఉందా అని అడగండి. ఒక్కళ్ళే అయినా అందులో కూర్చోబెడతారు. కూర్చోబెట్టకపోతే మీరే వెళ్ళి కూర్చోండి, ఎవరూ లేపరు. సప్లయర్‌ని “అన్నా” అని పిలిచి గట్టిగా, స్పష్టంగా ఆర్డర్ చెప్పండి. రెండు మూడుసార్లు ఒకే హోటల్‌కి వెళ్తే మీ ముఖం వాళ్ళకు గుర్తుంటుంది. ఆ తర్వాత అది మీ చోటు. కోఠీలో నేను రోజూ వెళ్ళే టిఫిన్ సెంటర్‌లో ఒక రోజు ఎవడో పదేపదే నా టేబుల్ వైపు ఫోన్ పెట్టి చూస్తుంటే, నేను నోరు తెరవకముందే కౌంటర్ మీది పెద్దాయన లేచి వచ్చి అతన్ని బయటికి పంపించాడు. రోజూ వెళ్ళే హోటల్ ఉండడంలో ఉన్న ధైర్యం అదే.

బస్సు ఖర్చు గురించి కూడా అడుగుతారు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. దీంతో కోఠీ నుంచి చార్మినార్‌కో ఆబిడ్స్‌కో తినడానికి వెళ్ళడం భారం కాదు. మెట్రో రైల్లో అయితే సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వరసగా ఒకే లైన్ మీద ఉన్న స్టేషన్లు. రాత్రి హాస్టల్ గేటు మూసే టైంకి ముప్పావుగంట ముందే బిల్లు అడగండి.

బిర్యానీ సింగిల్, ఫుల్, జంబో అంటారు. ఏది చెప్పాలి?

ఒక్కరైతే సింగిల్. ఇద్దరు అమ్మాయిలకు ఒక సింగిల్ కొంచెం తక్కువ, ఒక ఫుల్ కొంచెం ఎక్కువ. ముగ్గురికి ఒక ఫుల్ సరిగ్గా సరిపోతుంది. ఆపైన ఫ్యామిలీ ప్యాక్, జంబో. ఎందరికి వస్తుందని హోటల్‌వాళ్ళనే అడగండి, ఉన్నదున్నట్టు చెబుతారు. దానితో వచ్చే మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ ఎంత అడిగితే అంత ఇచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి.

హైదరాబాద్ బిర్యానీ పచ్చి మాంసంతో చేసేది. మసాలా, పెరుగు పట్టించి నానబెట్టిన మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, డేగ్ అనే పెద్ద గిన్నెకి మూత బిగించి, ఆవిరి పోకుండా సన్నటి సెగ మీద దమ్ పెడతారు. రెండూ కలిసి ఉడకాలి. అందుకే డేగ్ అంతా ఒకే రుచి ఉండదు. పైన తెల్లటి మెతుకు, మధ్యలో కుంకుమపువ్వు రంగు, అడుగున మసాలా పట్టిన అన్నం. తీసే మనిషి చేతిలో ఉంటుంది అసలు సంగతి. మంచి చేయి ఉన్నవాడు పళ్ళెం అంచుతో పక్క నుంచి నిలువుగా దించి, మూడు పొరలూ ఒకేసారి వచ్చేలా తీస్తాడు. మెతుకు విరగదు. ప్లేటు మీ దగ్గరికి వచ్చాక అంతా తెల్లగా కనిపిస్తే మొహమాటపడకుండా “అన్నా, కొంచెం అడుగు మసాలా వేయండి” అని అడగండి. చాలా హోటళ్ళలో దానికి విడిగా డబ్బు తీసుకోరు.

ఇక్కడా టైమే ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు దాకా, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కొత్త డేగ్‌లు తెరుస్తూ ఉంటారు. సాయంత్రం ఐదింటికి వచ్చేది మధ్యాహ్నం మిగిలింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి, బషీర్‌బాగ్ కేఫ్ బహార్, హైకోర్టు వైపు షాదాబ్ — ఈ మూడూ మనకు దగ్గరే. బావర్చి పేరుతో ఊరంతా బోర్డులు కనిపిస్తాయి, అన్నీ ఒకటి కావు. సినిమా వదిలే టైంకి క్రాస్‌రోడ్స్‌లో కూర్చునే చోటు దొరకదు, ఓ అరగంట ముందే వెళ్ళండి.

చికెన్, మటన్‌లలో దమ్ విద్య తెలియాలంటే మటనే తినాలి. ధర ఎక్కువే. ఇద్దరు కలిసి ఒకటి చెప్పుకోండి.

మండి, హలీం సంగతి?

మండి అంటే అన్నం, మాంసం కలిపి వడ్డించే అరబ్బు వంట. నలుగురైదుగురు ఉంటేనే వెళ్ళండి. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కింద కూర్చుని తినేది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ వైపు నుంచి వచ్చినవాళ్ళ కుటుంబాలుండే బార్కస్ నుంచి ఈ ఊరంతా పాకింది. కారం తక్కువ కాబట్టి మసాలా పడనివాళ్ళకు బిర్యానీ కంటే నయం.

హలీం రంజాన్ నెలలో సాయంత్రాలు తినాలి. గోధుమ, మాంసం, పప్పులు గంటలకొద్దీ ఉడికించి, కర్రతో దంచి దంచి చేస్తారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిన్న కప్పు చూసి చాలదనుకోవద్దు, బాగా బరువైన తిండి. ఇఫ్తార్ టైంకి ఉపవాసం ఉన్నవాళ్ళను ముందు కొననివ్వండి, మనం ఓ అరగంట ఆగినా ఏమీ కాదు.

నేను శాకాహారిని. కష్టమవుతుందా?

కాదు. కోఠీ, సుల్తాన్ బజార్, ఆబిడ్స్ చుట్టూ మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. శాకాహార హోటళ్ళకు, చాట్‌కు, మిఠాయికి కొదవ లేదు. గోకుల్ చాట్ కోఠీలోనే ఉంది. గుడ్డు కూడా తినని కుటుంబమైతే బేకరీలో అడిగి కొనండి, ఫ్రైడ్ రైస్ బండి దగ్గర అసలు వద్దు. అదే కడాయి, అదే గరిటె.

బిల్లులో జీఎస్టీ, సర్వీస్ ఛార్జ్ అని వేశారు. రెండూ కట్టాలా?

జీఎస్టీ కట్టాలి, సర్వీస్ ఛార్జ్ మీ ఇష్టం. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది కట్టేస్తున్నారు.

మనం వెళ్ళే మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. 2017 నవంబర్ నుంచి ఏసీ ఉన్నా లేకున్నా అంతే. అయితే బిల్లు మీద హోటల్ జీఎస్టీ నంబరు ఉండాలి. అది 15 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. మొత్తం అమ్మకం మీద ఇంత శాతమని తామే పన్ను కట్టే కాంపోజిషన్ స్కీంలో ఉన్న చిన్న హోటళ్ళు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. నంబరు లేకుండా చేత్తో రాసిన చీటీ మీద జీఎస్టీ అని వేస్తే అడగండి.

సర్వీస్ ఛార్జ్ ప్రభుత్వానికి పోయే పన్ను కాదు. దాన్ని బిల్లులో తనంతట తానే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఫ్రెండ్ పుట్టినరోజుకి ఒక ఏసీ రెస్టారెంట్‌కి వెళ్తే మాకు పది శాతం వేశారు. తీసేయమని మామూలుగానే అడిగాం. మొదట “సిస్టమ్‌లోనే అలా ఉంది మేడం” అన్నారు. 1915కి ఫోన్ చేసి కనుక్కుంటామనేసరికి మేనేజర్ వచ్చి కొత్త బిల్లు ఇచ్చాడు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫోన్లో సేవ్ చేసుకోండి. వడ్డించిన అన్నకు టిప్పు ఇవ్వాలనిపిస్తే అతని చేతికే ఇవ్వండి.

వాటర్ బాటిల్‌కి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చా?

కిరాణా షాపులో తీసుకోకూడదు. కూర్చోబెట్టి వడ్డించే హోటల్, రెస్టారెంట్ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అందుకే “బాటిలా, నార్మలా” అని అడిగితే ఆలోచించి చెప్పండి. నేను నా సీసా నీళ్ళే పట్టుకెళ్తాను.

యాప్‌లో ఆర్డర్ చేయడం తప్పా?

తప్పు కాదు, దండగ. యాప్‌కి కమిషన్ కట్టాలి కాబట్టి చాలా హోటళ్ళు అక్కడ రేటు పెంచి పెడతాయి. దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంటే కౌంటర్ దగ్గర పార్శిల్ కట్టించుకోండి. జ్వరంగా ఉన్నప్పుడు, కుండపోత వాన పడుతున్నప్పుడు యాప్ మంచిదే. అలాంటప్పుడు తెచ్చిన అబ్బాయికి ముందు మంచినీళ్ళు ఇవ్వండి.

మోమో, షవర్మా, మంచూరియా తినొచ్చా?

వీటి దగ్గర నేను కచ్చితంగా ఉంటాను. మోమో, షవర్మాలతో ఇచ్చే, పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్ ఎండలో ఉంటే సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫుడ్ పాయిజన్ కేసులు వరసగా రావడంతో 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం అలాంటి మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. గడువు సంగతి ఎలా ఉన్నా, బండి మీద డబ్బాలో బయట పెట్టిన మయొనైజ్ నేను ముట్టను. మోమోకి ఎర్ర చట్నీ చాలు.

మంచూరియా, చికెన్ సిక్స్‌టీఫైవ్ చేతికి రంగు అంటేంత ఎర్రగా ఉంటే వద్దు. పక్కనే కర్ణాటకలో 2024లో గోబీ మంచూరియా, కబాబుల్లో కృత్రిమ రంగుల్ని నిషేధించారు. మిరపకాయ రంగు ఇటుక రంగులో ఉంటుంది, కుంకుమలా మెరవదు.

తినేదాంట్లో పురుగో వెంట్రుకో వస్తే ఏం చేయాలి?

తినడం ఆపి, ప్లేటు కదపకుండా ఫొటో తీయండి. అరవకండి, కౌంటర్ దగ్గరికి వెళ్ళి చూపించండి. వెంట్రుక అయితే ప్లేటు మార్చడం సరిపోతుంది. పురుగు, బొద్దింక, పాచిన వాసన అయితే డబ్బు వెనక్కి అడగండి, బిల్లు దగ్గర పెట్టుకోండి. వాళ్ళు దురుసుగా మాట్లాడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయొచ్చు, 1915 కూడా ఉంది. తప్పు సప్లయర్‌ది కాదని గుర్తుంచుకుని అతని మీద మాత్రం నోరు పారేసుకోకండి.

కడుపు పాడైతే?

ఓఆర్ఎస్ పొడి హాస్టల్ గదిలో ఎప్పుడూ ఉండాలి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు చాలు. ఎవరో ఇచ్చిన యాంటీబయోటిక్ మింగొద్దు. విరేచనంలో రక్తం, తగ్గని జ్వరం, చాలాసేపు మూత్రం రాకపోవడం, నీళ్ళు కూడా కడుపులో నిలవకపోవడం — వీటిలో ఏది కనిపించినా వార్డెన్‌కి చెప్పి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రాత్రి మిగిలిన బిర్యానీ గదిలో బయట పెట్టి పొద్దున తినడం మానండి. వండిన అన్నం వేడి వాతావరణంలో అలా ఉంటే అందులో పుట్టే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

హిందీ రాదు. ఇబ్బందా?

లేదు. పాతబస్తీలో కూడా చాలామందికి తెలుగు వస్తుంది. “భయ్యా, ఏక్ చాయ్” వస్తే ఆ పూట గడిచిపోతుంది. మిగతాది వింటూ ఉంటే అదే వచ్చేస్తుంది.

నలుగురం వెళ్తే బిల్లు ఎలా పంచుకోవాలి?

ఆర్డర్ చెప్పకముందే మాట్లాడుకోండి. ఒకరు కట్టి మిగతావాళ్ళు అక్కడే ఫోన్‌పే చేయడం మంచిది. “తర్వాత ఇస్తా” వద్దు. గుంపులో డబ్బు తక్కువున్న అమ్మాయి ఒకరు తప్పకుండా ఉంటుంది, ఆమె బయటికి చెప్పదు. తను టీ చాలంటే బలవంతం చేయకండి, సమానంగా పంచి తన మీద బిర్యానీ బిల్లు వేయకండి.

ఊరి నుంచి అమ్మానాన్న వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి?

మనకు నచ్చిన చోటికి కాదు, వాళ్ళు స్థిమితంగా కూర్చోగలిగే చోటికి. మెట్లు లేకుండా, సంగీతం మోత లేకుండా, చేతులు కడుక్కునే చోటు శుభ్రంగా ఉండాలి. ఆబిడ్స్ తాజ్ మహల్ హోటల్ 1948 నాటిది. అక్కడ మధ్యాహ్నం భోజనం పెద్దవాళ్ళకు నచ్చుతుంది. మా నాన్నకు పన్నెండున్నరకల్లా అన్నం పడాలి కాబట్టి పన్నెండుకే వెళ్తాం. ఆ టైంకి చోటు దొరుకుతుంది, అన్నం పొగలు కక్కుతూ వస్తుంది. భోజనం తర్వాత నడవగలిగితే మొజంజాహీ మార్కెట్ దగ్గరే. అక్కడ పండ్లతో చేసే ఐస్‌క్రీం ఉంటుంది. సీతాఫలాల కాలమైతే సీతాఫలం, ఎండాకాలమైతే మామిడి చెప్పండి. బిల్లు నాన్నే కడతానంటారు. కట్టనివ్వండి, ఐస్‌క్రీం డబ్బులు మాత్రం మీరు ముందే కౌంటర్‌లో ఇచ్చేయండి.